దేవుళ్ల పేరు పెట్టుకున్న ఫైలు

ఎట్టకేలకు పోయింది! సిద్దిపేటలోని మా స్టీలు సామాన్ల దుకాణంలో ఒక పాత కంప్యూటరుంది. అందులో పాడైపోయిన స్టాకు ఫైలొకటి తెరుచుకోకుండా, డిలీట్ కాకుండా నన్ను రోజూ ఏడిపించేది. మా నాన్న, అదే మా బాపు, దానికి పెట్టిన పేరు ‘శ్రీ గణేశాయ నమః’తో మొదలై, కొమురెల్లి మల్లన్న మీదుగా మా ఇంటి ఎల్లమ్మ దాకా సాగుతుంది.

ఇవాళ సాయంత్రం మళ్లీ డిలీట్ నొక్కబోతుంటే బాపు చూశాడు.

“దేవుళ్ల పేరు చెత్తబుట్టల ఏస్తవా బిడ్డా? ముందుగాల పేరు మార్చు!”

“ఏం పెట్టాలె బాపూ?”

“దయ్యం అని పెట్టు.”

పెట్టి, డిలీట్ కొట్టాను. ఠక్కున మాయం! కుర్చీలోంచి లేచి గంతేశాను.

“సూశినవా? దేవుళ్లు అడ్డమున్నరు, అందుకే ఇన్నొద్దులు పోలే,” అన్నాడు బాపు.

అసలు సంగతేమిటంటే, పేరు మరీ పొడవైతే ఆ పాత కంప్యూటరు డిలీట్ చేయనివ్వదు. ఆ మాట చెబుదామని తిరిగి చూసేసరికే బాపు కొత్త ఫైలు తెరిచి, ‘శ్రీ గణేశాయ నమః’ కొడుతున్నాడు.

మీ దుకాణాల్లో ఫైళ్లకు ఏ దేవుళ్ల పేర్లున్నాయో కామెంట్లలో చెప్పండి. మా బాపుకు మాత్రం చూపించకండి, వాళ్లనూ చేర్చేస్తాడు!