మలుపు దగ్గర అరుపు

మా బావ కారు వస్తోందంటే వీధి మొత్తానికీ తెలిసిపోతుంది. సందు మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే ఇంజన్ బెల్టు కీచుమని అరుస్తుంది. పక్కింటివాళ్ళు "రైలొచ్చింది" అని నవ్వుకుంటారు. బావమరిది మెకానిక్ అయ్యుండీ ఈ గోలేమిటయ్యా అని నన్నే దెప్పుతారు. నాకు తల కొట్టేసినట్టుంటుంది.

దాన్ని బాగుచెయ్యనివ్వనిది మా అక్క.

అక్క అత్తగారు మంచం పట్టి చాలా కాలమైంది. పెద్దావిడ భారీ మనిషి. పక్కకు తిప్పాలన్నా, కూర్చోబెట్టాలన్నా, ఒళ్ళు తుడవాలన్నా అక్క ఒక్కతే. బావ పొద్దున్నే కారు తీసుకుని కిరాయిలకు వెళితే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. "అంతా బాగానే ఉందా?" అని గుమ్మంలోనే అడుగుతాడు. "ఆఁ, బాగానే ఉంది" అంటుంది అక్క. ఆ ఒక్క మాటతో ఆయన నిశ్చింతగా కాళ్ళు కడుక్కుంటాడు.

బాగా ఏమీ లేదు. అక్క నడుము ఎప్పుడో పోయింది. నేను ఎప్పుడు వెళ్ళినా వంటింటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఉంటుంది. మలుపులో బెల్టు అరవగానే వంటగట్టు పట్టుకుని, పళ్ళు బిగించి లేస్తుంది. జుట్టు ముడేసుకుంటుంది, మొహం మీద నీళ్ళు చల్లుకుంటుంది, స్టవ్ వెలిగిస్తుంది. బావ కారు నిలిపి, తాళం వేసి వచ్చేసరికి చలాకీగా గరిటె తిప్పుతూ ఉంటుంది.

"బావకి చెప్పవే" అని పోరాను.

"చెబితే ఏం చేస్తారు? అత్తయ్య పడిపోయిన కొత్తలో కారు మూలన పడేసి, ఆ మంచం పక్కన ఏడుస్తూ కూర్చున్నారు. ఒక్క పని చేతకాలేదు. మళ్ళీ అలా కూర్చుంటే మేమేం తినాలి? నువ్వు మాత్రం ఆ బెల్టు జోలికి వెళ్ళకురా. ఆయన వస్తున్నారని నాకు ముందు చెప్పేది అదే."

ఒళ్ళు మండినా ఆ బెల్టు జోలికి వెళ్ళలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బావే నా షెడ్డుకు వచ్చాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమోయ్ బావమరిదీ, ఎక్కినవాళ్ళు చెవులు మూసుకుంటున్నారోయ్. వేరేచోట బెల్టు మార్పించాను, నాలుగు రోజులకే మళ్ళీ మొదలు. నిన్ను శ్రమపెట్టొద్దని మీ అక్క అంటే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

పైపైన చూసి పంపేద్దామనే బానెట్ ఎత్తాను. స్టీరింగ్ తిప్పమంటే తిప్పాడు, అరిచింది. తిరుగుతున్న బెల్టు మీద సీసాతో కాసిని నీళ్ళు పోశాను. నీళ్ళు పడగానే అరుపు తగ్గితే ఒక లెక్క, పెరిగితే ఒక లెక్క. పెరిగింది. అంటే బిగువు చాలక బెల్టు జారుతోందన్నమాట. ఇంజన్ ఆపించి బెల్టు ఊడదీశాను. దాన్ని బిగువుగా నొక్కి ఉంచే చిన్న చక్రాన్ని వేలితో తిప్పితే గరగరమంది. దాని స్ప్రింగులో పట్టు లేదు. అరుస్తోంది కదా అని అందరూ బెల్టునే మార్చారు, ఆ చక్రం మొహం చూసినవాడు లేడు. కొత్త బెల్టు అంచులు అప్పుడే పీచులు లేచాయి.

"తెగితే ఏమవుతుంది?" అన్నాడు బావ.

"స్టీరింగ్ బిగుసుకుపోతుంది, ఇంజన్ కాగిపోతుంది. మంచి స్పీడు మీద ఉండగా తెగిందా, నీకూ దిక్కుండదు, ఎక్కినవాళ్ళకీ దిక్కుండదు."

అలా చెప్పాక ఇక ఏ మొహంతో పంపను? చక్రం మార్చాను, బెల్టు మార్చాను. బావ స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయాడు. చడీచప్పుడూ లేదు.

"పద, ఇంటికెళ్ళి భోంచేద్దాం. మీ అక్క ఆశ్చర్యపోవాలి" అన్నాడు.

ఫోన్ చేస్తే చాలు, అక్క లేచి జుట్టు ముడేసుకుంటుంది. ఫోన్ బయటికి తీశాను. లేచేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో నేను ఎన్నోసార్లు చూశాను. కట్టుకున్నవాడు ఒక్కసారీ చూడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని కారెక్కాను.

మలుపు తిరిగాం. వీధిలో ఎవరూ తల తిప్పలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క గచ్చు మీదే ఉంది. అడుగుల చప్పుడు విని కళ్ళు తెరవకుండానే అంది. "నువ్వేనట్రా? మీ బావ రావడానికి ఇంకా బోలెడు టైముంది. కాసేపు నన్ను లేపకురా, లేవలేను."

బావ గుమ్మంలోనే ఆగిపోయి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

లోపలి గదిలోంచి పెద్దావిడ పిలిచింది. అక్క మోచెయ్యి ఆనించి లేవబోయింది.

"పడుకో" అన్నాడు బావ.

ఆ గొంతు విని అక్క ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. చెయ్యి జుట్టు మీదికి పోయింది. "కారు చప్పుడు వినలేదే నేను" అంది. బావ అమ్మ గదిలోకి వెళ్ళాడు.

"ముందు భుజాల కింద చెయ్యి వెయ్యండి. తర్వాత నడుం కింద. ఒక్కసారే లాగకండి, ఆవిడకి నొప్పి" అని అక్క గచ్చు మీది నుంచే చెబుతోంది. మంచం కిర్రుమంది. బావ ఆయాసం వంటింట్లోకి వినిపించింది.

"అమ్మ ఇంత బరువుంటుందా?" అన్నాడు లోపలి నుంచి.

అక్క నవ్వబోయి నడుము పట్టుకుంది. కన్నీళ్ళు పక్కలకు జారి చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు, అలాగే పడుకుంది.