మూడుసార్లు ముంచిన కలం

నా చిన్నప్పుడు, ఏలూరు బోర్డింగు బడి వరండాలో, మా పెదనాన్నా మా అమ్మా తగువుపడ్డారు.

“ఉత్తరంలో ఉన్నదే చదివానమ్మాయ్. నేను కల్పించానంటావా?”

“కల్పించారనే అంటున్నానండీ, బావగారూ.”

“నలుగురిలో నా పరువు తీస్తున్నావు. తలుపు చాటున ఉండాల్సిన మనిషివి!”

“తలుపు చాటున ఉండబట్టేనండీ, ఇంతదాకా వచ్చింది.”

నేను స్తంభం వెనక నిలబడి వింటున్నాను. అప్పటికి నాకు పదకొండేళ్లు, నాలుగో తరగతి. మా అమ్మ మా పెదనాన్నకి ఎదురుగా నిలబడి మాట్లాడటం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం.

మాది కొల్లేటికోట. మా నాన్న పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆయనే. చదవడం, రాయడం వచ్చినవారు కూడా మా ఇంట్లో ఆయనొక్కరే. నన్ను బడికి పంపాలని మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చుంటే, ఆ పంతం పడలేక పంపారు. పంపారే గాని ఆయన మనసు ఒప్పుకోలేదు. ఆడపిల్లకి అక్షరాలు చాలవా, తరగతులు కూడానా అనేవారట.

ఆ రోజుల్లో మా ఇళ్లలో బావగారి ఎదుటికి ఆడవాళ్లు వచ్చేవారు కాదు. నాకు ఉత్తరం రాయించాలంటే మా అమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి చెప్పేది, ఆయన వసారాలో కూర్చుని రాసేవారు. నా ఉత్తరం వచ్చినా అంతే. ఆయన వసారాలో చదివేవారు, ఆవిడ తలుపు వెనక వినేది. ఆయన చేతిలోని కాగితాన్ని ఆవిడ ఏనాడూ చూడలేదు.

నాకొచ్చే కార్డుల్లో రెండేసి ముక్కలుండేవి. ‘నాకు ఒంట్లో బాగుండటం లేదు. చదివింది చాలు, ఇంటికి వచ్చెయ్యి.’ ఆరు నెలలు అవే మాటలు. మిగతా కార్డంతా ఖాళీ. చింతపిక్క కూడా పారెయ్యని మా అమ్మ అంత కార్డు ఖాళీగా వదులుతుందా అని నాకు తోచనే లేదు. నన్ను పంపడానికి అన్నం మానేసిన మనిషే ఇప్పుడు వచ్చెయ్యమంటోందని కోపం పెంచుకున్నాను. ‘నేను రాను, ఇక్కడే ఉంటాను’ అని పెడసరంగా రాసేదాన్ని. దాన్ని మా పెదనాన్న, ‘నేనిక్కడ ఉండలేను, తీసుకుపొండి’ అని అమ్మకి చదివి వినిపించారట. అప్పటికే ఆయన పెంటపాడులో నాకో సంబంధం మాట్లాడి ఉంచారు.

పిల్ల ఏడుస్తోంది, వెళ్లి తీసుకొస్తానని ఆయన బయల్దేరిన రోజున, ఆయన రేవుకి వచ్చేసరికి మా అమ్మ పడవలో కూర్చుని ఉందట. దిగమంటే దిగలేదట.

ఇప్పుడు వరండాలో ఆవిడ మాట ఆగడం లేదు. “ఆవు ఈనిందని చెప్పాను, మినప సున్నుండలు పంపానని చెప్పాను, ఎక్కాలు ఎక్కడిదాకా వచ్చాయని అడిగాను, తలకి నూనె రాసుకోమన్నాను. పొయ్యిమీద అన్నం ఉడికేంతసేపు చెప్పాను కదండీ! కలం ముంచి బుడ్డి అంచుకి కొట్టిన చప్పుడు మూడుసార్లే వినబడింది. మూడు ముంచులకి అంత కబురు పడుతుందా?”

పెదనాన్న నవ్వారు. “చదువురాని దానివి, నీకు సిరా లెక్కలు కూడానా?”

మా అమ్మ స్తంభం వైపు తిరిగింది. నన్ను పిలిచి, “వెళ్లి ఆ ఉత్తరాలన్నీ పట్రావే. గట్టిగా చదువు” అంది.

పెట్టెలోంచి తెచ్చి చదివాను. ఒక్కొక్కటి అయ్యాక, “ఈ మాట నేననలేదు” అంటూ వచ్చింది అమ్మ. మూడో కార్డు దగ్గర ఏడ్చేశాను. ఏడిస్తే ఊరుకునే మనిషి కాదు మా అమ్మ. “ముక్కు తుడుచుకుని చదువు, ఇంకా ఉన్నాయి” అంది. అన్నీ చదివించింది. తోటి పిల్లలు, వంటమనిషి, పంతులమ్మలు అందరూ వింటున్నారు. మా పెదనాన్న కండువా తీసి భుజం మార్చి వేసుకున్నారు.

మా బోర్డింగు చూసుకునే మేట్రనమ్మగారు ముందుకు వచ్చి, “ఇంతకీ పిల్ల ఉంటుందా, వెళ్తుందా?” అని ఆయన్ని అడిగారు.

“ఉంటుందండి” అని మా అమ్మ చెప్పింది.

“సరే, ఉండనీ! ఇకమీదట నీ ఉత్తరాలు ఎవరు రాస్తారో నేనూ చూస్తాను. కొల్లేట్లో కొంగలొచ్చి రాస్తాయా?” అన్నారు పెదనాన్న.

“కొంగలైతే నే చెప్పిందే రాస్తాయండీ, బావగారూ.”

వంటమనిషి కిసుక్కున నవ్వింది. తెల్లవారి పడవకి వస్తే రా, లేకపోతే నీ దారి నువ్వు చూసుకో అని చెప్పి ఆయన వెళ్లిపోయారు. ఆ మాట ఉత్తి బెదిరింపు కాదని మాకు తెలుసు. ఆ ఇంట్లో తిండీ గుడ్డా ఆయన చేతిమీదుగానే జరగాలి. ఆ సాయంత్రం అమ్మ నా పక్కన కూర్చుని తలకి నూనె రాసి చిక్కు తీసింది. భయంగా లేదా అని అడిగాను. ఉందంది. అని, జడ ఇంకాస్త బిగించి అల్లింది.

నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. అది వేరే కథ. కానీ ఈనాటికీ ఎవరైనా కాగితం తెచ్చి, “ఇందులో ఇలా ఉంది మామ్మగారూ, వేలిముద్ర వేసెయ్యండి” అంటే నాకు ఒళ్లు మండుతుంది. వేలిముద్ర ఎందుకు, సంతకం వచ్చు నాకు. ముందు కాగితం నా చేతికివ్వమంటాను. కూడబలుక్కుని, గంట పట్టినా సరే, మొత్తం చదువుతాను. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

మర్నాడు పొద్దున్న పడవ మా అమ్మ లేకుండానే వెళ్లిపోయింది. బడి గంట కొట్టాక ఆవిడ శిశు తరగతి గదిలోకి వెళ్లి, చాప చివర చిన్నపిల్లల పక్కన కూర్చుని, పంతులమ్మని పలక అడిగింది.