మస్తాన్‌బీ మానాల్సిన వైను

ఈ రోజు మాచర్లలో ఒక డాక్టరు దగ్గర నాకు చదువంటేనే రోత పుట్టింది.

నాపరాళ్ల పాలిష్ పనికెళ్లే మా పక్కింటి మస్తాన్‌బీకి తరచూ ఒంటిపక్క తలనొప్పి వస్తుంటే తీసుకెళ్లాను. డాక్టరు మోగుతున్న ట్రాన్సిస్టర్ కట్టెయ్యకుండానే ఒక ఇంగ్లీషు పుస్తకం తిరగేసి, "చీజు, డబ్బా మాంసం, వైను మానెయ్" అని చీటీ రాశాడు. వైనంటే ద్రాక్షసారా అని నేను చెప్పగానే ఆమె చెంపలేసుకుంది.

"తోబా! నేను తాగుతానా అయ్యా? పొద్దున టీ నీళ్లతో పోతే మూడింటిదాకా మెతుకు ముట్టను. అప్పుడే తల పగిలిపోద్ది."

"ముందు చీటీలోవి మానెయ్" అంటూ ఆయన తర్వాతి రోగి కోసం బెల్లు కొట్టాడు.

బయట హోటల్లో ఇడ్లీ పెట్టిస్తే మస్తాన్‌బీ ముట్టలేదు. "చీటీలో ఇడ్లీ కూడా ఉందేమో చూడక్కా" అంది.

చీటీ చింపి పారేశాను. తప్పంటారా?