హెలెన్ నేర్పిన భయం

పొద్దున దోసెల పిండి గిన్నె మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. ఇంట్లో అందరికీ అది ఆకలి పుట్టించే వాసన. నేను మాత్రం చటుక్కున ముఖం వెనక్కి తీసుకున్నాను. హెలెన్ గుర్తొచ్చింది.

కాలిఫోర్నియాలో నేను పనిచేసే వైనరీలో ఆవిడ నా తొలి బాస్. ఫ్రాన్స్‌లో ఒక పాతకాలపు ద్రాక్ష ఎస్టేట్‌లో పుట్టి పెరిగింది. తాతముత్తాతల నుంచీ వాళ్లది రెడ్ వైన్ చేసే ఇల్లు. గుంటూరులో కెమిస్ట్రీ చదివి వచ్చిన నాకు ఆ ఇంటి పద్ధతే నేర్పింది. నల్లద్రాక్షను తొడిమలు తీసి, చిదిపి, తొక్కలతో సహా మనిషి దూరేంత పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టాలి. వైన్‌కు ఎరుపు ఆ తొక్కల నుంచే వస్తుంది. అవి పైకి తేలి మందంగా పేరుకుంటే రోజూ కిందికి నొక్కుతుండాలి. పులియడం పూర్తయ్యాక వైన్‌ను ఓక్ చెక్క పీపాల్లోకి పంపి, ట్యాంక్ అడుగున మిగిలిన తొక్కల్ని పారలతో తోడెయ్యాలి. ఆ తోడే రోజున హెలెన్ ముఖం పాలిపోయేది. "పులిసేటప్పుడు పుట్టిన గ్యాస్ ఇంకా లోపలే ఉంటుంది. కంటికి కనపడదు, పీలిస్తే ఊపిరాడక పోతారు," అనేది. మరీ అతిజాగ్రత్త అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మాతో పనిచేసే మిగెల్, గ్యాస్‌ను బయటికి తోలే ఫ్యాన్ పెట్టకముందే ట్యాంక్ అడుగు తలుపులోంచి లోపలికి దూరాడు. పార పడిన చప్పుడైంది. చూస్తే తొక్కల మీద బోర్లా పడి ఉన్నాడు. నేను పరుగున వెళ్లి ఒక కాలు లోపల పెట్టేశాను. వెనక నుంచి హెలెన్ నా మణికట్టు పట్టుకుని లాగేసింది.

"వదలండి! చచ్చిపోతాడు!" అని అరిచాను.

"నువ్వు వెళితే ఇద్దరూ పోతారు."

ఫ్యాన్ పెట్టమని, గాలి సిలిండర్ ఉన్న మాస్క్ తెమ్మని కేకలు వేస్తూనే ఉంది. నన్ను మాత్రం వదల్లేదు. మిగెల్‌లో కదలిక లేదు. అంతటి భయం నేనెన్నడూ ఎరగను. హెలెన్‌ను అసహ్యించుకున్నదీ ఆ కాసేపే. మాస్క్ రాగానే తనే తగిలించుకుని లోపలికి వెళ్లి, అతన్ని తలుపు దాకా ఈడ్చుకొచ్చింది. మిగెల్ బతికాడు.

అంబులెన్స్ వెళ్లాక హెలెన్ నేల మీద కూలబడింది. 

"మా ఎస్టేట్‌లో అన్నయ్య ఇలాగే పడిపోయాడు. వాడి కోసం నాన్న దిగారు. ఇద్దరూ రాలేదు."

హెలెన్ ఇప్పుడు లేదు. ఆవిడ పని నేను చూస్తున్నాను. ద్రాక్ష కోతలు మొదలవగానే కొత్తవాళ్లకు ముందుగా చెప్పే మాట ఒకటే: నేను లోపల పడిపోతే మాస్క్ లేకుండా నా కోసం ఎవరూ రావద్దు.

మొన్న భోజనాల దగ్గర ఈ సంగతి విని మా అమ్మాయి అడిగింది.

"మమ్మీ, లోపల నేను ఫాల్ అయితే? నువ్వు రావా?"

మాస్క్ వచ్చేదాకా రానని చెప్పాలి. హెలెన్ నేర్పింది అదే. ఆ మాట చెప్పడానికి బదులు దాని మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.