బనగానపల్లెలో మామిడికాయల కింద సీరియల్

ఆ రోజుల్లో ఏం చదవాలో మేం నిర్ణయించుకునేవాళ్లం కాదు. ఎక్కడ కూర్చుంటే అక్కడ దొరికింది చదివేవాళ్లం. అందుకేనేమో, నాకు ఏ కథయినా రాసినవాడి పేరుతో కాక చదివిన చోటుతోనే గుర్తుంటుంది. సాహస కథలన్నీ కర్నూలు బస్టాండులో చదివాను, మైదుకూరు బస్సు "ఇదో వస్తాండాది" అని కంట్రోలరు చెప్పాక పొద్దు వాలేదాకా అది వస్తూనే ఉన్న రోజుల్లో. ప్రేమకథలు మా వీధి కటింగు షాపులో, సగం గీసిన గడ్డంతో చదివాను. (నాయిక మనసు విప్పి చెప్పే చోటికి వచ్చేసరికి కత్తి సరిగ్గా నా గొంతు మీద ఉండేది. ప్రేమకథను అంత ప్రాణభయంతో చదివినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు.) ఇక బరువైన సాహిత్యమంతా మైదుకూరులో, మా నాయన పసుపు మండీలో, బస్తాల మీద పడుకుని చదివింది. ఇప్పటికీ ఎవరైనా ఒక గొప్ప నవల గురించి గంభీరంగా మాట్లాడుతుంటే నాకు ముందు తుమ్ము వస్తుంది.

మా ఇంట్లో అచ్చు కాగితానికి ఉన్న ప్రయోజనం ఒకటే, పొట్లం కట్టడం. దాని మీద అక్షరాలు కూడా ఉండటం ఆ కాగితం ఖర్మ అని నాయన అభిప్రాయం. అలాంటి మనిషికి నాలాంటి కొడుకు పుట్టాడు. ఒకసారి పసుపు బస్తా మీద పడుకునే, పసుపు ఉందా అని అడిగినాయనకు లేదని చెప్పి పంపించేశాను. అప్పుడు కథలో నాయకుడు లోయలో వేలాడుతున్నాడు. అలాంటి సమయంలో పసుపు అడగడం ఆయన తప్పా, నా తప్పా మీరే చెప్పండి. నాయన మాత్రం నా తప్పేనని తీర్మానించి ఆ పుస్తకాన్ని మండీ గుమ్మం అవతలికి విసిరేశాడు. పాపం, నాయకుడు నిజంగానే లోయలో పడ్డాడు.

ఈ ఖ్యాతి పెళ్లి సంబంధాల దాకా పాకింది. వేంపల్లె నుంచి ఒక సంబంధం వాళ్లు మా ఇల్లు చూడటానికి వచ్చారు. అన్నీ నచ్చాయి. చివర్లో అమ్మాయి తల్లి నా గదిలో బీరువా తలుపు తీసింది. తీయగానే పుస్తకాలు ఆమె కాళ్ల మీదికి జారాయి. "బీరువా నిండా ఇవే ఉండాయి కదప్పా, మా పాప చీరలు యాడ పెట్టుకుంటాది?" అని అడిగింది. సంబంధం పోయింది. తర్వాత మా మేనత్త బనగానపల్లె నుంచి ఇంకో సంబంధం తెచ్చింది. మామిడికాయల వ్యాపారం చేసే ఇల్లు, ఒక్కతే కూతురు. ఫొటోలో ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది. దేన్ని చూసి నవ్వు ఆపుకుంటోందో తెలుసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. కాబట్టి ఇది కూడా తప్పిపోతుందేమోనన్న భయం నాయనకంటే నాకే ఎక్కువ. నాయన బస్సులోనే ఆజ్ఞ జారీ చేశాడు. "ఆడికి పోయినాక నీ నోట్లోంచి పుస్తకమనే మాట వచ్చిందంటే, నిన్ను కూడా గోనెసంచిలో ఏసి కుట్టేస్తా. గమ్మున కూచో. సరుకు తెలిసినోని మాదిరి మొగం పెట్టు." సరుకు తెలిసినవాడి ముఖం ఎలా ఉంటుందో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అందువల్ల ఆయన ముఖాన్నే చూస్తూ, దాన్ని అనుకరిస్తూ కూర్చున్నాను. దిగేసరికి ఇద్దరం ఎవరితోనో తగాదాకు వెళుతున్నట్టు ఉన్నాం.

మే నెల ఎండలో మేనత్తతో కలిసి మేం గడప తొక్కామో లేదో, అమ్మాయి వాళ్ల అవ్వ గోడ గడియారం వంక చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, రాహుకాలం పట్టింది! ఇప్పుడు పాపను ఎట్ల చూపిస్తాం?" మా నాయనకూ, అమ్మాయి నాయనకూ రాహుకాలం పెద్ద ఇబ్బంది కాదు. ఇద్దరూ వ్యాపారస్తులు, మజ్జిగ గ్లాసులు పట్టుకుని వసారాలో ఆ ఏడు వానలు లేకపోవడం గురించి మొదలుపెట్టారు. ఇబ్బంది నాతోనే. నేను హాల్లో కూర్చుంటే అమ్మాయి అటూ ఇటూ తిరిగేటప్పుడు ముహూర్తం రాకముందే నా కంట పడిపోతుందట. అందుకని, పెళ్లికొడుకులకు ఆ ఇంట్లో ఉన్న ఆనవాయితీ ప్రకారం, నన్ను తీసుకుపోయి వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశారు. అది కాయలు మాగబెట్టే గది. ఒక కుర్చీ, ఒక పెళ్లికొడుకు, గోడ నుంచి గోడ దాకా బంగినపల్లి కాయలు. కిటికీ తలుపులు ఓరగా వేసి ఉన్నాయి.

మామూలుగా కాయల కింద వరిగడ్డి పరుస్తారు. ఆ కరువులో గడ్డి పశువులకే చాలక, అక్కడ పాత వారపత్రికలు విప్పి పరిచారు. నేను చూడకూడదనే అనుకున్నాను. ఫ్యాను చూశాను. గోడ మీద బల్లిని చూశాను. బల్లి నాయన ముఖంతోనే నన్ను చూస్తోంది. చివరికి కళ్లు కిందికి జారాయి. కుర్చీ కాలి దగ్గరే ఒక సీరియల్ మొదటి భాగం ఉంది. కొండ మీద ఒక బంగళా, లోపలి నుంచి గడియ వేసిన గదిలో జమీందారు శవం. చంపింది నర్సా, తోటమాలా, లాయరా? (మా వైపు ఎవరిని ఎవరు చంపారో పొద్దున్నే టీ తాగేలోపు ఊరంతా తెలిసిపోతుంది. చంపినవాడెవరో తెలియకుండా నెలల తరబడి సాగే హత్య అంటే మాకు అదొక విలాసం.) మొదటి భాగం, "ఆ కేక వేసింది ఎవరు?" అన్న చోట ఆగింది. రెండో భాగం పక్కనే ఉంది, కాకపోతే దాని మీద కాయలున్నాయి.

ఒక కాయ జరిపితే ఏమవుతుంది అనుకున్నాను. ఒక కాయ జరిపితే ఒక పేరా వచ్చింది. ఇంకో కాయకు తోటమాలి అబద్ధం బయటపడింది. కొత్త చొక్కా, కొత్త ప్యాంటు, మోకాళ్ల మీద నేను. తీసిన కాయలు దొర్లి మళ్లీ అక్షరాల మీదికే వస్తుంటే విసుగొచ్చి, తొడిమ వైపు ముచ్చిక కిందికి ఉండేలా నిలబెట్టడం మొదలుపెట్టాను. అప్పుడవి బుద్ధిగా నిలబడ్డాయి. కుళ్లు పట్టిన కాయల రసం కారి లాయరు వాంగ్మూలం సగం మాయమైంది. ఆ కోపంతో మెత్తబడిన కాయలన్నీ ఏరి ఒక మూలకు నెట్టేశాను. అలా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పాకుతూ పోయాను. రాహుకాలం ఎప్పుడు పోయిందో, తలుపు ఎప్పుడు తెరుచుకుందో నాకు తెలియదు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు ఈడ?" అన్న గొంతు విని తలెత్తాను. అమ్మాయి నాయన, మా నాయన, మేనత్త, అవ్వ, నలుగురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా వేలు ఇంకా నర్సు మాటల మీదే ఉంది. చేతులకు సొన, మోకాళ్లకు పసుప్పచ్చని రసం. నాయన నా వేలినీ, వేలి కింద కాగితాన్నీ చూశాడు, చూసి కళ్లు మూసుకున్నాడు. ఈ సంబంధం కూడా పోయిందని నాకూ అర్థమైంది. ఫొటోలో అమ్మాయి దేన్ని చూసి నవ్వు ఆపుకుందో ఇక ఎప్పటికీ తెలియదని నిజంగా దుఃఖం వచ్చింది. (పరువు గురించిన దుఃఖం తర్వాత తీరిగ్గా వచ్చింది.)

అమ్మాయి నాయన మాత్రం నన్ను దాటుకుని వెళ్లి కాయల దగ్గర కూర్చున్నాడు. ఒకటి తీసి చూశాడు, వాసన చూశాడు, మూలలో ఉన్న కుప్ప చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓయప్పా, ఇట్ల రాండి, చూడండి! సొన దిగిపోయేటట్టు ముచ్చిక కిందికి పెట్టినాడు. దాగు కాయలన్నీ ఏరి పక్కన ఏసినాడు. ఎవరూ చెప్పకుండానే! ఇంతమంది పెండ్లికొడుకులు వచ్చినారు ఈ గదిలోకి, ఒక్కడన్నా కాయ తిరగేసినాడా?" అని మా నాయన వైపు తిరిగాడు. "సరుకు కనపడితే చెయ్యి ఊరుకోదు ఈయనకు. శానా బాగా పెంచినావప్పా కొడుకును!"

మా నాయన జీవితంలో అబద్ధం ఆడని మనిషి. ఆ రోజూ ఆడలేదు. గొంతు సవరించుకుని, "వానికి సరుకంటే ప్రాణమప్పా. ఇంట్లో గూడా బస్తాల మీదనే పండుకుంటాడు" అన్నాడు.

అప్పుడు అమ్మాయిని చూపించారు. పెద్దవాళ్లు ఉదారంగా మమ్మల్ని ఇద్దరినీ విడిగా మాట్లాడుకోమన్నారు. విడిగా అంటే వసారాలో, మూరెడు దూరంలో అవ్వ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుని ఉండగా అని అర్థం. నేను నాయన నేర్పిన ముఖం పెట్టుకుని నిలబడ్డాను. అమ్మాయే మెల్లగా అడిగింది.

"నర్సు దాకా వచ్చినారా?"

నా ముఖం ఊడిపోయింది. "ఆ కాగితాలు..." అన్నాను.

"పరిచింది నేనే. వరసగా పరిచినా, మొదటి భాగం కుర్చీ కాడ పెట్టి."

"మరి చివరి భాగం? ఆ మూల దాకా చూశాను, లేదే!"

"దాన్ని కాయల కింద పెడతారా ఎవరన్నా? దాచి పెట్టినా."

"చంపింది ఎవరు? లాయరేనా?"

ఆమె అవ్వ వైపు చూసింది. అవ్వ చింతగింజ వైపు చూసింది. "అదేం ఈడ చెప్పే మాటనా?" అంది అమ్మాయి, ఫొటోలో లాగే నవ్వు ఆపుకుంటూ. లోపలికి రాగానే నచ్చిందా అని ఎవరూ అడగకముందే నచ్చిందని చెప్పేశాను. సరుకు దగ్గర ఇంత త్వరగా ఒప్పుకోకూడదని నాయన నా చెయ్యి గిల్లాడు.

పెళ్లి హడావిడిలో జమీందారు సంగతి అడిగే తీరిక దొరకలేదు. అంతలో ఆషాఢం వచ్చి ఆమె పుట్టింటికి వెళ్లింది. నేను అత్తవారి గడప తొక్కకూడదు కాబట్టి మండీలో ఫోను అందుకున్నాను. లైను సరిగ్గా లేదు, గట్టిగా అరవాల్సి వచ్చింది. "అది కాదు, చంపింది ఎవరో చెప్పు! లాయరే కదా? ఎవరికీ చెప్పనులే!" వెనక్కి తిరిగి చూస్తే మండీలో పసుపు బేరాలు ఆగిపోయాయి. ఇద్దరు రైతులు బస్తాలు వదిలేసి వెళ్లిపోయారు. ఎదురు కొట్టువాడు షట్టరు సగం దించాడు. ఆ సాయంత్రం ముగ్గురు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చి, ఏ గొడవైనా కూర్చుని మాట్లాడుకుంటే పోతుందని నాయనకు నచ్చజెప్పారు. నాయన వాళ్లకు టీ ఇప్పించి, నన్ను చూపించి, "ఇదే మా గొడవ" అన్నాడు.

ఆషాఢం వెళ్లాక ఆమె మైదుకూరు వచ్చింది. మండీలో పసుపు బస్తా మీద కూర్చోబెట్టి చివరి భాగం ఇమ్మన్నాను. ఆమె కొంగుతో ముక్కు మూసుకుని తాపీగా చెప్పింది. "నా దగ్గర లేదు. ఆ వారం పుస్తకం మా ఊరికే రాలేదు. తర్వాతి వారం చూస్తే కొత్త సీరియల్ మొదలైంది."

"దాచిపెట్టానన్నావు!"

"లేదని చెప్పింటే మీరు ఒప్పుకుంటారో లేదోనని భయమేసింది. మీకన్నా ముందొచ్చినాయన ఆ గదిలో రెండు పండ్లు తిని, చేతులు ఆ కాగితానికే తుడుచుకున్నాడు. ఆ ముందాయన నిద్రపోయినాడు. మీరొక్కరే కాయలు తీసి చదివినారు. నేను కిటికీ కాడ నిలబడి చూస్తానే ఉన్నా. ఒక్కసారన్నా తలెత్తుతారేమో అనుకున్నా, ఎత్తలే."

"రాహుకాలం కదా!"

"మీరు నన్ను చూడకూడదన్నారు. నేను మిమ్మల్ని చూడకూడదని ఎవరన్నారు?"

చంపింది ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. నేను లాయరంటాను, ఆమె నర్సంటుంది. పిల్లలు పెద్దవాళ్లయి, ఈ కేసు మూసేయమని బతిమాలుతున్నారు. మా బీరువాలో పుస్తకాలు అలాగే ఉన్నాయి, చీరలు ఇనప్పెట్టెలో ఉన్నాయి. మా మామ మాత్రం ఈనాటికీ మే నెల రాగానే కబురు పెడతాడు, అల్లుడొచ్చి చెయ్యి వేస్తే తప్ప కాయలు బయటికి పంపనంటాడు. నేను వెళ్లి ఒక కాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "ఊ" అంటాను. ఊరి వ్యాపారస్తులు తలలూపుతారు. కాయల గురించి నాకు తెలిసిందంతా ఆ "ఊ"లోనే ఉంది.

ఈ ఏడు కూడా వెళ్లాను. గది అదే, కింద పరిచింది మాత్రం దినపత్రికలు. ఊరికే చూద్దామని వంగాను. ఏదో ఊళ్లో బావి తవ్వకం గురించిన వార్త, సగం మీద కాయ ఉంది. కాయ జరిపాను. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, అక్షరాలు కనపడటానికి అద్దాలు కావాలి, అయినా అప్పటి ఆ కొత్త చొక్కా కుర్రాడిలాగే కూర్చుని చదువుతున్నాను. వాడి మీద జాలేసింది. కొండ మీది బంగళాలో ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో అంత శ్రద్ధగా వెతికినవాడు, తన వెనక కిటికీలో ఎవరు నిలబడ్డారో చూసుకోలేదు. ఆ బావిలో నీళ్లు పడ్డాయో లేదో తెలియకముందే నేను చదవడం ఆపి, తలెత్తి కిటికీ వైపు చూశాను. ఆమె అక్కడే ఉంది.