లాకప్ గదిలో అడిగిందెవరు?

దెయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వేసే మనిషిని నేను. ఒడిశాలోని బరంపురంలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఎవరికైనా కళ్ళు తిరిగితే షుగరు చూపించుకోమంటాను. చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటే డాక్టరు దగ్గరికి పొమ్మంటాను. ఇది చదివాక మీరు నాకూ అదే సలహా ఇస్తారేమో. ఇచ్చినా ఏమీ అనుకోను.

మా కామాక్షత్త నాన్నకి చెల్లెలు. ఊరి పక్క హల్దియాపదర్లో మా ఇంట్లోనే ఉంటుంది. డెబ్భై దాటాయి. ఆవిడ భర్త, అంటే మా మావయ్య, చికిటిలో బడి మేష్టారు. ఎమర్జెన్సీ రోజుల్లో బరంపురం గోడల మీద ప్రభుత్వాన్ని తిడుతూ ఒడియాలోనూ తెలుగులోనూ రాశాడని పోలీసులు ఇంటికొచ్చి పట్టుకెళ్ళారు. అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు.

ఆయన మళ్ళీ రాలేదు. వేరే జైలుకి మార్చామన్నారు. జ్వరంతో పోయాడన్నారు. పారిపోయాడని కూడా అన్నారు. శవాన్నీ ఇవ్వలేదు, ఒక కాగితమూ ఇవ్వలేదు.

అత్త బొట్టు తీయలేదు. తీయమని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆయన గురించి మాట్లాడదు. వీధి తలుపు చప్పుడైతే మాత్రం మా అందరికన్నా ముందు లేస్తుంది. నేను ఆ సంగతి జరిగిన చాలా ఏళ్ళకి పుట్టాను. ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

పోయిన చలికాలంలో కొందరు కలిసి ఆదివారం పొద్దుటిపూట ఊళ్ళో ఒక నడక పెట్టారు. బ్రిటిషువాళ్ళ కాలంలో లాఠీలు విరిగిన కూడలి, ఎమర్జెన్సీలో తాళం పడిన అచ్చాఫీసు, ఇలా ఊరు మరిచిపోయిన చోట్లకి తీసుకెళ్ళి కథ చెబుతారు. ఆఖరున పాత లాకప్. మావయ్యని మొదట అక్కడే పెట్టారని మా ఇంట్లో అందరికీ తెలుసు. అత్తకి ఈ నడక సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చివరికి చెప్పాను.

"నానూ వొస్తాను," అంది. మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తితే వినిపించుకోలేదు. పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తీయని పట్టుచీర కట్టుకుంది. ఏదైనా తినమంటే, "ఇప్పుడు దిగదే," అని టీ మాత్రం తాగి బయల్దేరింది.

నడిపించినావిడ కాలేజీలో చరిత్ర చెప్పే ఒడియా లెక్చరరు. అత్తని పిన్నీ అన్నట్టుగా "మౌసీ, మౌసీ" అంటూ చెయ్యి పట్టుకుని నడిపించింది. వచ్చినవాళ్ళంతా ఒడియావాళ్ళే. తెలుగువాళ్ళం మేమిద్దరమే.

లాకప్ వాడకం మానేసి చాలా కాలమైంది. పైకప్పు సగం పోయింది. లోపల ఎండ బాగా పడుతోంది. భయపడడానికి అక్కడ ఏమీ లేదు. అంత దూరం నడిచొచ్చిన అత్త గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"నువ్వెల్లి సూసి రా. నానిక్కడ కూకుంటాను," అని అరుగు మీద కూలబడింది.

లోపల లెక్చరరు మాట్లాడుతోంది. నేను అందరికన్నా వెనక, గోడని ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు నా ఎడమ చెవి పక్కన ఎవరో మగమనిషి నెమ్మదిగా అడిగాడు.

"బయట కూకున్నావిడ తిన్నాదేటి?"

పక్కింటాయన అడిగినట్టే ఉంది. నేను తల తిప్పకుండానే, "లేదండీ, టీ తాగి వొచ్చీసింది," అన్నాను.

లెక్చరరు మాట ఆపి నా వైపు చూసింది. ఏమన్నారని ఒడియాలో అడిగింది. నేను పక్కకి తిరిగాను. సున్నం పెచ్చులు లేచిన గోడ తప్ప ఏమీ లేదు. మనుషులంతా నా ఎదురుగా ఉన్నారు.

తెలుగు ఎవరికైనా వచ్చా అని ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరికీ రాదు. గోడకి అవతలి వైపు వెళ్ళి చూశాను. ముళ్ళపొదలు, మనిషి నిలబడే చోటు లేదు. తర్వాత చెవులు కూడా పరీక్ష చేయించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు.

అత్తకి చెప్పకూడదనుకున్నాను. అన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి చేతిలో ఇలాంటిది ఎలా పెట్టను? కానీ ఇంటికొచ్చాక ఆవిడే, "లోపల ఏటైందే? నీ మొకం అలగుందేటి?" అని అడిగింది. చెప్పేశాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మరి నువ్వేటి సెప్పినావు?"

"తినలేదని చెప్పాను."

అత్త ముఖం వాడిపోయింది. "అయ్యో! తిన్నాదని సెప్పలేకపోయావేటే! బెంగెట్టుకుంటారు గదా!"

అప్పుడు చెప్పింది, మా నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పని మాట. పోలీసులు వచ్చేసరికి ఆవిడ ఇద్దరికీ అన్నం వడ్డించిందట. ఆయన జీపెక్కుతూ వెనక్కి తిరిగి, "నా కోసం సూడకు, నువ్వు తినీ," అన్నారట. ఆ రెండు కంచాలూ తెల్లారేదాకా అలాగే ఉన్నాయట.

"గొంతు ఎలగుందే?" అంది.

"కొంచెం బొంగురుగా ఉంది."

నవ్వింది. "సలికాలం వస్తే ఆయనకంతే." మళ్ళీ తనలో తనే, "నాను లోపలికెల్లుంటే నన్నే అడుగుదురు," అంది.

తర్వాతి ఆదివారం లెక్చరర్ని బతిమాలి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని మేమిద్దరం మళ్ళీ వెళ్ళాం. అత్త ఇంట్లో కడుపునిండా ఇడ్లీలు తింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. నేను నిలబడ్డ చోటు చూపిస్తే, ఆ గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"తిన్నానండీ," అంది గట్టిగా. "ఇడ్లీలు తిన్నాను."

ఇంకేదో చెప్పబోయి ఆగింది. గొంతు తగ్గించి, కొత్తపెళ్ళికూతురిలా అడిగింది.

"మీరు తిన్నారేటి?"

ఆవిడ చెయ్యి తీయలేదు. లెక్చరరు బయటికి వెళ్ళిపోయింది. నేను కూడా ఊపిరి బిగబట్టి విన్నాను. ఒక్క మాట, ఆవిడకి ఒక్క మాట వినిపిస్తే చాలనుకున్నాను. దేవుడికి కూడా అంత గట్టిగా ఎప్పుడూ మొక్కుకోలేదు.

ఏమీ వినిపించలేదు. ఆవిడకీ లేదు, నాకూ లేదు.

ఆయన్ని ఒక్కరోజు కూడా ఎరగని నన్ను ఎందుకు అడిగారో, అసలు అడిగిందెవరో, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెలియడం లేదు.