ఎముకలు చేరే చోటు

మేం వలస వచ్చిన ఈ చిన్న ద్వీప దేశంలో సమాధికి కూడా గడువు ఉంటుందని మా నాన్న భూస్థాపన రోజున ఎవరో చెబితే నేను నమ్మలేదు. ఫ్లాట్లకు లీజు ఉంటుందని తెలుసు. పోయినవాళ్లకు పదిహేనేళ్లేనని, ఆ తర్వాత తవ్వి ఎముకలు తీసి, మాలాంటి క్రైస్తవులవైతే దహనం చేసి, బూడిద కుండను గోడలోని చిన్న అరలో పెట్టుకోమంటారని తెలియదు. ఆ గడువు పోయినేడు ముగిసింది.

అమ్మ ససేమిరా అంది. తువాస్ ఓడల యార్డులో ఒళ్లు హూనం చేసుకున్న మనిషిని నిద్ర లేపడమేమిటని ఆమె బాధ. దానికి తోడు భయం. లోకాంతాన కడబూర మోగిన రోజున మట్టిలోంచి లేవాల్సిన మనిషి బూడిదైపోతే ఎలా లేస్తాడు? పాసిర్ రిస్‌లోని మా ఫ్లాట్లో ఆ మాట వినపడని పూట లేదు. ఎముకలు ప్రభుత్వం ఎటూ తీస్తుంది. అమ్మ మనసారా ఒప్పుకోకపోతే ఈ వయసులో ఆ దిగులే ఆమెను తినేస్తుందని నా భయం.

మా తెలుగు చర్చి సంఘంలో ఆదివారాలు పిల్లలకు హెబ్రీయుల చరిత్ర చెప్పేది నేనే. అదొక పిచ్చి నాకు. డేరాల్లో తిరిగిన ఆ జనానికి మూలపురుషుడు, దేశమంతా నీదేనన్న దేవుణ్ణి నమ్ముకుని బతికాడు. తీరా భార్య చనిపోతే పాతిపెట్టడానికి జానెడు నేల లేదు. పరాయివాళ్ల ముందు వంగి ఒక గుహ కొనుక్కున్నాడు. అక్కడ ఆయనకు సొంతమైన మొదటి నేల సమాధే. ఇది చెబితే ఒక పిల్ల "సో సాడ్ లా, ఆంటీ" అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో అనేసి బిస్కెట్ల వైపు చూసింది.

తర్వాతి తరాలవాళ్లు కొండను తొలిచి ఇంటికొక సమాధి గది చేసుకున్నారు. శవాన్ని రాతి అరుగు మీద పడుకోబెట్టేవారు. మాంసమంతా పోయాక ఎముకలు ఏరి, మూలనున్న గుంటలో తాతముత్తాతల ఎముకల్లో కలిపేవారు. అప్పటికి వాళ్లకు పరలోకపు ఆశ లేదు. మంచివాడైనా చెడ్డవాడైనా చచ్చాక చేరేది కిందనున్న చీకట్లోకే. అక్కడ దేవుణ్ణి తలుచుకునేవాళ్లు కూడా ఉండరు. మనవాళ్లలో కలిశామన్నదొక్కటే ఓదార్పు.

ఈ కథ పట్టుకుని, పెద్ద పండితురాలిలా, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ ముందు కూర్చున్నాను.

"తీయడం పాపం కాదమ్మా. దేవుడి జనమే తీసేవాళ్లు."

"తీసి ఏం చేసేవోళ్లు?"

"వాళ్ల పెద్దోళ్ల ఎముకల్లో కలిపేవాళ్లు."

"వాళ్లకి పెద్దోళ్లున్నారు. మీ నాన్నని ఎవరిలో కలుపుతావే?"

నాన్న మిషను అనాథల హాస్టల్లో పెరిగాడు. కన్నవాళ్లెవరో ఆయనకే తెలియదు. బాపట్ల సమాధుల తోటలో అమ్మ పుట్టింటివాళ్లకు చోటుంది గానీ, వాళ్లు ఆయన్ని అల్లుడని బతికుండగానే ఒప్పుకోలేదు. తను పోతే మాత్రం తనను అక్కడికే, తన తల్లి పక్కకే చేర్చాలని అమ్మ మా అందరి దగ్గరా మాట తీసుకుంది. ఆ ఒక్క కోరికా వదులుకోదని నాకు గట్టి నమ్మకం.

అమ్మ చివరి చిక్కుడుకాయ ఈనె తీసి గిన్నె పక్కన పెట్టింది.

"ఆ అరలో రెండో కుండకి చోటుంటదా?"

"ఉంటదమ్మా."

"అయితే మావయ్యకి చెప్పెయ్, బాపట్లలో నా చోటు ఎవురికన్నా ఇచ్చుకోమని. నన్నూ కాల్చి ఆయన పక్కన పెట్టండి."

"మరి కడబూర మోగినప్పుడు?"

"లేస్తే ఇద్దరం లేస్తాం. లేవకపోతే ఇద్దరం లేవం."

ఓదారుద్దామని వెళ్లిన నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను.